లెగ్ డే అయి నాలుగో రోజు, ఇంకా మెట్లు దిగలేకపోతున్నాను. మళ్ళీ జిమ్‌కి ఎప్పుడు వెళ్ళాలి?

గాజువాక బి షిఫ్ట్ | జూన్ 3, రాత్రి 11.10

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్ళు, బరువు 78 కిలోలు. గాజువాకలో ఉంటాను, మూడు షిఫ్టుల ఉద్యోగం. కాలేజీ వదిలాక వ్యాయామం అన్నది లేదు. పోయిన నెల రక్తపరీక్షలో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. భయం వేసి జిమ్‌లో చేరాను. మొదటి రెండు వారాలు ట్రెడ్‌మిల్, కొద్దిగా డంబెల్స్, అంతే.

శనివారం ట్రైనర్ మొదటిసారి కాళ్ళకి చేయించాడు. స్క్వాట్లు (బరువుతో గుంజీళ్ళలా కూర్చుని లేవడం) 12 చొప్పున 4 సెట్లు, లెగ్ ప్రెస్ 15 చొప్పున 4, చేతుల్లో డంబెల్స్‌తో హాలు ఈ చివర నుంచి ఆ చివరకి లంజెస్ (ఒక్కో కాలు ముందుకి వేసి మోకాళ్ళు వంచి దిగుతూ నడవడం) 4 సార్లు, ఆ తర్వాత లెగ్ ఎక్స్‌టెన్షన్, లెగ్ కర్ల్, పిక్కలకి ఒకటి. చేసేటప్పుడు బాగానే ఉంది. ఇంటికి బండి నడుపుకుంటూ వచ్చాను. ఆదివారం పొద్దున కొంచెం పట్టేసినట్టు అనిపించింది. సోమవారం మంచం మీద నుంచి లేవడానికే చేతుల సాయం కావాల్సి వచ్చింది. మాది రెండో అంతస్తు. ఎక్కడం పరవాలేదు గానీ దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగుతున్నాను. ఇంట్లో ఇండియన్ టాయిలెట్. కూర్చోవాలంటే గోడ, లేవాలంటే పంపు పట్టుకోవాలి. డ్యూటీలో నిచ్చెన దిగేటప్పుడు తొడలు వణికి నిజంగా భయం వేసింది.

ట్రైనర్‌ని అడిగితే "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది, మళ్ళీ అదే వర్కవుట్ చేస్తే కరిగిపోతుంది, రేపు రండి" అంటున్నాడు. ఈ నొప్పితో రేపు మళ్ళీ స్క్వాట్లు చేయొచ్చా? మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకోమంటున్నాడు మా ఫ్రెండ్. ఏం చేయాలో తోచడం లేదు.

ఫిజియో రాజమండ్రి | జూన్ 3, రాత్రి 11.48

ముందు నాలుగు ప్రశ్నలు, వీటికి తప్పకుండా జవాబు ఇవ్వండి. మూత్రం రంగు ఎలా ఉంది? తొడలు ముట్టుకుంటే గట్టిగా వాచి ఉన్నాయా? నొప్పి రెండు కాళ్ళకీ ఒకేలా ఉందా, ఒక్క చోట పొడిచినట్టు ఉందా? రోజురోజుకీ తగ్గుతోందా, పెరుగుతోందా?

మీరు రాసినదాన్ని బట్టి ఇది అలవాటు లేని పని చేసినప్పుడు ఆలస్యంగా వచ్చే కండరాల నొప్పి. జిమ్‌లో దీన్ని డామ్స్ అంటారు. చేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువగా ఉంటుంది. ఐదు నుంచి ఏడు రోజుల్లో తనంతట తనే పోతుంది. మీకు ఆదివారం మొదలై సోమవారం ముదిరింది, లెక్క సరిగ్గా సరిపోతోంది.

ఐరన్ నల్గొండ | జూన్ 4, ఉదయం 6.15

అన్నా, టెన్షన్ పడకు. మొదటి లెగ్ డే అందరికీ ఇంతే. నొప్పి వచ్చిందంటే కండ పెరుగుతున్నట్టే. ఇప్పుడు ఆగితే అలవాటు పోతుంది. నేను మొదటి నెల ఏడ్చుకుంటూనే చేశాను, ఇప్పుడు 140 కిలోల స్క్వాట్ కొడుతున్నా. లాక్టిక్ యాసిడ్ బయటికి పోవాలంటే కదలాలి, మీ ట్రైనర్ చెప్పింది కరెక్టే.

ఫిజియో రాజమండ్రి | జూన్ 4, ఉదయం 8.02

కదలమనడం వరకు మీతో ఏకీభవిస్తాను. లాక్టిక్ యాసిడ్ మాట మాత్రం వదిలేయాలి. గట్టిగా చేసేటప్పుడు కండలో పెరిగే లాక్టేట్ (జిమ్‌లో లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) ఆపిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. శనివారం సాయంత్రం పుట్టినది సోమవారం దాకా కండలో కూర్చుని ఉండదు. ఈ నొప్పి వేరని, కండలోపల చిన్న చిన్న చీలికల వల్ల వస్తుండవచ్చని అమెరికాలో థియోడర్ హఫ్ 1902లోనే రాశాడు. అయినా జిమ్‌లలో ఇప్పటికీ అదే మాట నడుస్తోంది, బాధగా ఉంటుంది.

తిరుమల ఉదాహరణ చెప్తాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట, తొడల్లో మంట, అన్నీ ఉంటాయి. లాక్టేట్ పెరిగేది అప్పుడే. అయినా ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగినవాళ్ళకి మర్నాడు మరీ అంత బాధ ఉండదు. ఎక్కినంతా మళ్ళీ నడిచి దిగారనుకోండి, దిగేటప్పుడు ఆయాసమే ఉండదు, కబుర్లు చెప్పుకుంటూ దిగుతారు, మర్నాడు మాత్రం మంచం దిగలేరు. ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువును ఆపుతుంది. సాగుతూ ఆపే ఆ పనిలోనే కండ పోగుల్లో సన్నటి దెబ్బలు తగులుతాయి. దాని వెనక వాపు, ఆ చుట్టూ ఉన్న పొరల్లో నరాలు సున్నితం కావడం, వీటికి ఒక రోజు పడుతుంది. అందుకే నొప్పి ఆలస్యంగా వస్తుంది. మీకు లంజెస్ చేసిన పని అదే. ప్రతి అడుగుకీ మీ బరువు, డంబెల్స్ బరువు కిందికి దించారు.

గాజువాక బి షిఫ్ట్ | జూన్ 4, మధ్యాహ్నం 12.30

చాలా థాంక్స్ అండీ. మూత్రం మామూలుగానే ఉంది, లేత పసుపు. వాపు పెద్దగా లేదు. రెండు కాళ్ళకీ ఒకేలా ఉంది, నిన్నటి కంటే ఈ రోజు కొంచెం నయం. ఈ రోజు జిమ్‌కి వెళ్ళలేదు. మానేశానని మాత్రం మనసు పీకుతోంది. రెండు వారాలకే నా వల్ల కాదేమో అనిపిస్తోంది.

పాత బార్‌బెల్ | జూన్ 4, రాత్రి 9.20

తమ్ముడూ, నీ వల్ల ఎందుకు కాదు. నీకు చేయించిన పద్ధతి తప్పు, నీ ఒళ్ళు కాదు. నాది శ్రీకాకుళం జిల్లా. 2000లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారు సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), 130 క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకి, తర్వాత తలపైకి ఎత్తడం), మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆమె ఊరు మా ఆమదాలవలస పక్కనే, ఊసవానిపేట. ఆ పతకం చూసి తాలింఖానాకి పరిగెత్తిన పిల్లల్లో నేనొకణ్ణి. పదకొండేళ్ళు ఎత్తాను, రాష్ట్రస్థాయి దాకా వెళ్ళాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి నేర్పుతున్నాను.

మేము వారానికి ఆరు రోజులు చేసేవాళ్ళం. స్క్వాట్ దాదాపు రోజూ ఉండేది. ఇలా మంచాన పడలేదు. కారణం రెండు. ఒకటి, స్నాచ్‌లోనూ జెర్క్‌లోనూ బరువు పైకి ఎత్తాక కిందికి వదిలేస్తాం, మెల్లగా దించే పని తక్కువ. రెండోది పెద్ద కారణం. మా గురువు గారు మొదటి నెల ఖాళీ కర్రతో చేయించారు, ఆ తర్వాత ఖాళీ రాడ్డుతో. ఒక్క కిలో ప్లేటు వేయడానికి ఆరు వారాలు పట్టింది. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

మా అమ్మ వరినాట్లకి వెళ్ళేది. సీజన్ మొదటి రోజు సాయంత్రం నడుము, తొడల వెనక భాగం పట్టేసి మూలిగేది. రెండో రోజు ఇంకా ఎక్కువ. అయినా వెళ్ళేది, వెళ్ళక తప్పదు. నాలుగైదు రోజులు పోయాక అదే పొలం, అదే వంగడం, నొప్పి మాటే ఉండేది కాదు. మళ్ళీ ఏడాది తర్వాత మొదటి రోజు షరా మామూలే. కండ ఒకసారి దెబ్బ తిన్న పనికి తనంతట తనే సిద్ధమవుతుంది. రెండోసారి అదే పని చేస్తే నొప్పి సగం కూడా ఉండదు. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. కాబట్టి నువ్వు మానేయకూడదు, అలాగని శనివారం చేసినంతా మళ్ళీ చేయకూడదు.

ఇలా చెయ్యి. రేపు, ఎల్లుండి బీచ్ రోడ్డు మీదో మీ కాలనీలోనో 20–30 నిమిషాలు నడువు. ఆదివారం జిమ్‌కి వెళ్ళు. స్క్వాట్ ఖాళీ రాడ్డుతో, అంటే 20 కిలోలతో, 8 చొప్పున రెండే సెట్లు. లెగ్ కర్ల్ రెండు సెట్లు. పిక్కలకి రెండు. అయిపోయింది, ఇంటికి వచ్చేయ్. వారానికి రెండు మూడు సార్లు ఇంతే చెయ్యి. ప్రతి సెట్టూ ఇంకో మూడు చేయగలను అనిపించినప్పుడే ఆపు. లంజెస్ నెల తర్వాత చూద్దాం.

నైట్ డ్యూటీ సిస్టర్ | జూన్ 5, తెల్లవారుజాము 3.40

ఫిజియో గారు మూత్రం రంగు ఎందుకు అడిగారో చాలామందికి తెలియకపోవచ్చు, అందుకని రాస్తున్నాను. నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. పోయినేడు మా వార్డుకి ఇరవై రెండేళ్ళ అబ్బాయి వచ్చాడు. చాలా నెలలు ఖాళీగా ఉండి, ఒక్కసారిగా స్నేహితులతో పందెం వేసుకుని వందల్లో బస్కీలు తీశాడు. వేసవి, నీళ్ళు సరిగ్గా తాగలేదు. రెండు రోజులు మామూలు నొప్పే అనుకుని మాత్రలు వేసుకున్నాడు. మూడో రోజుకి తొడలు రాయిలా బిగిసి వాచాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. సీపీకే అని రక్తపరీక్ష ఉంటుంది, మామూలుగా రెండు వందల లోపు ఉండాల్సినది అతనికి నలభై వేలు దాటింది. కండ మరీ ఎక్కువ దెబ్బతిని, అందులోని పదార్థం రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడింది. ఐదు రోజులు సెలైన్ మీద ఉంచాం. డయాలసిస్ అవసరం రాకుండా బయటపడ్డాడు. వాళ్ళమ్మ ఆ ఐదు రోజులూ కుర్చీలో కూర్చునే పడుకుంది.

మూత్రం టీ రంగుకి, కోలా రంగుకి మారినా, బాగా తగ్గిపోయినా, వాపుతో కాలు మడవలేకపోయినా, వాంతులు, జ్వరం ఉన్నా ఇక్కడ పోస్టు పెట్టి ఎదురు చూడకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి షాపులో అడగగానే ఇచ్చేస్తారు. ఒళ్ళు వేడెక్కి, నీళ్ళు తక్కువై, కండ దెబ్బతిని ఉన్నప్పుడు అవి కిడ్నీకి అదనపు భారం. నొప్పి తెలియకుండా చేసి మళ్ళీ బరువెత్తడానికి వేసుకోవడం మరీ ప్రమాదం. షుగర్ బోర్డర్‌లో ఉన్న మీరు అసలు ఆ అలవాటు చేసుకోవద్దు.

నిర్వాహకుడు | జూన్ 5, ఉదయం 9.00

సిస్టర్ గారి పోస్టుని పైన పిన్ చేస్తున్నాను. దయచేసి ఈ చర్చలో ఎవరూ మాత్రల పేరు, డోసు సూచించవద్దు.

ఐరన్ నల్గొండ | జూన్ 5, ఉదయం 10.35

సిస్టర్ గారు రాసింది చదివి భయం వేసింది. నేను నొప్పితో చేయమన్నది ఆ ఉద్దేశంతో కాదు. అన్నకి క్షమాపణలు.

కానీ పాత బార్‌బెల్ అన్నని ఒకటి అడగాలి. మా జిమ్‌లో అందరం సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, ఇలా ఒక్కో భాగానికి వారానికి ఒకసారే చేస్తాం. ఒక్కో భాగానికి 18–20 సెట్లు. వారం రెస్ట్ దొరుకుతుంది కాబట్టి రికవరీ బాగుంటుంది కదా. మీరేమో తక్కువ చేసి వారానికి రెండు మూడు సార్లు అంటున్నారు. రెండు సెట్లకి కండ పెరుగుతుందా? నాకు చెస్ట్ డే తర్వాత నొప్పి రాకపోతే ఆ రోజు వేస్ట్ అయినట్టు అనిపిస్తుంది.

పాత బార్‌బెల్ | జూన్ 5, రాత్రి 10.05

మంచి ప్రశ్న తమ్ముడూ. రెండు సెట్లు అన్నది ఇతని మొదటి వారాలకి మాత్రమే. అసలు చేయనివాడికి అదే చాలా ఎక్కువ ప్రేరణ. నీలాంటివాడికి సరిపోదు.

నీ విషయం. ఒకే రోజు ఇరవై సెట్లు చేస్తావు. నిజం చెప్పు, పన్నెండో సెట్టు తర్వాత బెంచ్ మీద ఎంత ఎత్తుతున్నావు? మొదటి సెట్టులో సగం. అవే ఇరవై సెట్లు సోమవారం పది, గురువారం పది చేసి చూడు. ప్రతి సెట్టూ తాజా కండతో చేస్తావు, మొత్తం ఎత్తిన కిలోలు పెరుగుతాయి, నొప్పి తగ్గుతుంది.

నొప్పి రాకపోతే వేస్ట్ అన్న మాట నేను ఒప్పుకోను. మా దగ్గర 60 కిలోల స్నాచ్ నుంచి 85 దాకా ఎదిగిన పిల్లలున్నారు, నొప్పి అని మంచాన పడింది వాళ్ళు చేరిన మొదటి పదిహేను రోజులే. భుజాలకి, పిక్కలకి ఎంత చేసినా కొందరికి నొప్పే రాదు, అయినా పెరుగుతాయి. రాడ్డు మీద కిలో పెరిగిందా, అదే బరువుకి ఒక రెప్ ఎక్కువ వచ్చిందా, నోటుబుక్కులో రాసుకో. నేను ఇరవై ఏళ్ళ నాటి నోటుబుక్కులు ఇంకా దాచుకున్నాను.

డల్లాస్ గ్యారేజ్ | జూన్ 6, ఉదయం 7.50

గ్యారేజ్‌లో బరువులెత్తే స్టాండు (రాక్) పెట్టుకుని ఐదేళ్ళుగా చేస్తున్నాను. ఇక్కడ ఐస్ టబ్ పిచ్చి బాగా ఉంది. నేనూ కొన్నాను. స్క్వాట్లు అవ్వగానే పది నిమిషాలు చల్లటి నీళ్ళలో కూర్చుంటే మర్నాడు నొప్పి నిజంగానే తక్కువ. ఎనిమిది నెలలు అలాగే చేశాను, బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. తర్వాత చదివితే తెలిసింది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు 12 వారాలు చూశారు. బరువులెత్తాక 10 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు కూర్చున్నవాళ్ళకి, ఊరికే తేలిగ్గా సైకిల్ తొక్కినవాళ్ళ కంటే కండ, బలం తక్కువ పెరిగాయి. కండ తిరిగి కట్టుకోవడానికి ఆ వాపు, ఆ వేడి కొంత అవసరం కావచ్చు. దాన్ని నేను ప్రతిసారీ చల్లార్చేశాను. రెండు రోజుల్లో మూడు మ్యాచులు ఆడే క్రికెటర్‌కి ఐస్ పనికొస్తుంది, బలం పెంచుకోవాలనుకునేవాళ్ళు వర్కవుట్ అవ్వగానే వద్దు. ఎనిమిది నెలలు పోయాయి నావి, మీరు పోగొట్టుకోకండి.

స్ట్రెచింగ్ మీద కూడా ఆశలు పెట్టుకోకండి. చాలా పరిశోధనలని కలిపి చూస్తే, ముందు చేసినా తర్వాత చేసినా నొప్పి తగ్గేది 100 పాయింట్ల స్కేల్ మీద ఒక పాయింటు స్థాయిలోనే. ఫోమ్ రోలర్, మసాజ్ కాస్త నయం, ఆ పూటకి హాయిగా ఉంటుంది.

శాకాహారి లిఫ్టర్ | జూన్ 6, మధ్యాహ్నం 2.15

మరి వేడినీళ్ళు? మా అత్తగారు వావిలాకు మరిగించిన నీళ్ళు పోస్తారు. నా ఇద్దరు పిల్లల బాలింత స్నానాలకి ఆవిడే పోశారు, ఇప్పుడు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు వంగి లేపడం) రోజు రాత్రి కూడా నాకు అవే పోస్తున్నారు. కండ తొందరగా మానుతుందని నేను చెప్పను, కానీ ఒళ్ళు వదులై నిద్ర బాగా పడుతుంది. ఆ నిద్ర నాకు చాలా ముఖ్యం.

గాజువాక అన్నయ్య గారూ, మీరు ఏం తింటున్నారో రాయలేదు. నాకు 43 ఏళ్ళు, విజయవాడ, గుడ్డు కూడా ముట్టం. మొదటి ఏడాది నాకు ప్రతి వర్కవుట్ తర్వాత నాలుగు రోజులు నొప్పులే. చివరికి ఒక వారం తిన్నదంతా తూకం వేసి రాసుకున్నాను. రోజుకి 40 గ్రాముల ప్రోటీన్ కూడా లేదు. పప్పు రోజూ తింటున్నాం కదా అనుకుంటాం, మన పప్పు గరిటెడు, అందులో నీళ్ళే ఎక్కువ. మూడు ఇడ్లీల్లో ఆరేడు గ్రాములే వస్తుంది.

మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. అంటే మీకు 65 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి 1.6 దాకా ఉపయోగం ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి, అంటే మీకు 125. ఒక్కసారిగా అక్కడికి వెళ్ళక్కర్లేదు, 90 నుంచి మొదలుపెట్టండి. నేను మార్చినవి ఇవి. ఇడ్లీ బదులు వారానికి నాలుగు రోజులు పెసరట్టు, రెండు అట్లకి 60 గ్రాముల పెసలు పట్టినా 14 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం కూరలో 50 గ్రాముల మీల్ మేకర్, నానబెట్టకముందు తూకం, అందులోనే 25 గ్రాములు. సాయంత్రం గుప్పెడు వేరుశనగలు. రాత్రి గ్లాసు పాలు. మీరు గుడ్లు, చేపలు తినేవారైతే నా అంత కష్టపడక్కర్లేదు. వైజాగ్‌లో ఉండి చేపలకి లోటేముంది. షుగర్ బోర్డర్ కాబట్టి అన్నం కొంచెం తగ్గించి ఆ చోటు వీటికి ఇవ్వండి. పౌడర్ డబ్బా కొనే ముందు ఇవి రెండు నెలలు చేసి చూడండి. ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని చెప్పింది. నేను అప్పుడప్పుడు ఒక స్కూపు తాగుతాను, దాచను, ప్రయాణాల్లో వేరే దారి ఉండదు. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం అవసరం రాలేదు.

కాకినాడ 56 | జూన్ 7, ఉదయం 6.40

నమస్కారం. నాకు 56. ఆరు నెలలుగా వారానికి రెండుసార్లు చేస్తున్నాను. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర వాడుతున్నాను. ఈమధ్య వర్కవుట్ లేని వారంలో కూడా తొడలు, భుజాలు సలుపుతున్నాయి. ఇది కూడా డామ్సేనా?

నైట్ డ్యూటీ సిస్టర్ | జూన్ 7, సాయంత్రం 4.20

వర్కవుట్ లేకపోయినా సలుపుతోందంటే డామ్స్ అనుకోవద్దు సార్. స్టాటిన్ వాడే కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, రాసిన డాక్టర్ గారికే ఈ మాట చెప్పండి. వాళ్ళు సీపీకే చూసి మాత్రో మోతాదో మారుస్తారు.

కాకినాడ 56 | జూన్ 14, రాత్రి 8.10

వెళ్ళాను. పరీక్ష చేశారు, కొంచెం ఎక్కువ ఉంది. మాత్ర మార్చారు. నాలుగు రోజులకే తేడా తెలుస్తోంది. సిస్టర్ గారికి కృతజ్ఞతలు, వయసు వల్లేనని ఊరుకునేవాణ్ణి.

గాజువాక బి షిఫ్ట్ | జూన్ 18, రాత్రి 11.25

రెండు వారాల తర్వాత వచ్చాను. పాత బార్‌బెల్ అన్న చెప్పినట్టే ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టాను. ట్రైనర్‌కి మొదట నచ్చలేదు, కానీ నిచ్చెన సంగతి చెప్పాక ఒప్పుకున్నాడు, మంచివాడే. 8వ తేదీ 20 కిలోలు, 11న 25, 14న 30, అన్నీ రెండు సెట్లే. మొదటిసారి మర్నాడు కొంచెం పట్టింది, తర్వాత పట్టినట్టే తెలియలేదు. మెట్లు మామూలుగా దిగుతున్నాను. తిండి లెక్క వేశాను అక్కా, 50 గ్రాములు దాటడం లేదు. మా ఆవిడ ఇప్పుడు పెసరట్టు, రెండు గుడ్లు పెడుతోంది.

ఇప్పుడు కొత్త సమస్య. ఈ వారం సి షిఫ్ట్, రాత్రి 10 నుంచి ఉదయం 6. పగలు నాలుగు గంటలకి మించి నిద్ర పట్టడం లేదు. మొన్న షిఫ్ట్ దిగి అటే జిమ్‌కి వెళ్ళాను. 30 కిలోలు 60లా అనిపించాయి, నొప్పి కూడా ఇంకా ఉంది. బరువు పెంచలేదు, ఇంకేమీ మార్చలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్ | జూన్ 19, మధ్యాహ్నం 1.30

మార్చారు అన్నయ్యా, నిద్ర మార్చారు. పదకొండేళ్ళుగా నైట్లు చేస్తున్నాను, నా ఒంటి మీద తెలిసింది చెప్తాను. నైట్ దిగి నేరుగా బరువులెత్తడం నేను పూర్తిగా మానేశాను. ఇంటికి వచ్చే దారిలో నల్ల కళ్ళద్దాలు, రాగానే తేలిగ్గా ఏదో తిని, గదికి మందపాటి పరదాలు వేసి, ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకుంటాను. తెల్లవారుజామున మూడు తర్వాత టీ ముట్టను. ఒకేసారి ఏడు గంటలు పట్టకపోతే పొద్దున ఐదు, సాయంత్రం డ్యూటీకి ముందు గంటన్నర. లేచాక సాయంత్రం ఐదుకి వర్కవుట్, అదీ సగమే. నైట్ల వారంలో బరువు పెంచే ప్రయత్నం చేయను, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు అనుకుంటాను. పగటి డ్యూటీ వారాల్లో పెంచుకుంటాను. మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి, పగలు పడుకున్న మనిషిని లేపకూడదని మన ఇళ్ళలో ఎవరూ అనుకోరు. నాకు అది చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

గాజువాక బి షిఫ్ట్ | జూన్ 29, రాత్రి 10.55

పరదాలు వేయించాను సిస్టర్. ఆరు గంటలు పడుతోంది. కింద ఆడుకునే పిల్లలకి మా అమ్మ చెప్పింది.

ఇంకొక్క ప్రశ్న. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ వస్తోంది, 32 కిలోమీటర్లు. నాలుగేళ్ళ క్రితం చేసినప్పుడు వారం కుంటాను. ఈసారి ఆ వారం కాళ్ళకి చేయాలా, మానేయాలా?

పాత బార్‌బెల్ | జూన్ 30, ఉదయం 5.50

తొలిపావంచా (ప్రదక్షిణ మొదలయ్యే చోటు) దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి ఐదు రోజుల ముందే ఆఖరి స్క్వాట్ అయిపోవాలి. ఆ తర్వాత నడక మాత్రమే. ఇప్పటినుంచి వారానికి రెండుసార్లు గంటకి తక్కువ కాకుండా నడువు, అందులో కొంచెం దిగుడు రోడ్డు ఉండేలా చూసుకో. పోయినసారి నిన్ను కుంటించింది దూరం ఒక్కటే కాదు, అలవాటు లేకపోవడం. చెప్పుల్లేకుండా చేస్తావా? అయితే ఆ నడకల్లో చివరి పావుగంట ఒట్టి కాళ్ళతో నడువు. ప్రదక్షిణ అయ్యాక మూడు రోజులు బరువులు వద్దు. దారి పొడవునా మజ్జిగ, నీళ్ళు ఇస్తారు, దాహం వేసేదాకా ఆగకుండా తాగు.

గాజువాక బి షిఫ్ట్ | జూలై 14, రాత్రి 11.05

ప్రదక్షిణ పూర్తయింది. సాయంత్రం నాలుగుకి బయల్దేరి, అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు తడిపి, మాధవధార, గోపాలపట్నం మీదుగా తెల్లవారుజామున కొండ దిగువకి చేరాం. మర్నాడు పిక్కలు పట్టేశాయి, అరికాళ్ళు మండాయి, తొడలు మాత్రం ఏమీ అనలేదు. మూడో రోజుకి ఏమీ లేదు. మా నాన్న ఈసారి నాతో సగం దూరం నడిచారు, వచ్చే ఏడాది మొత్తం నడుస్తానంటున్నారు.

ఈ రోజు మళ్ళీ జిమ్. స్క్వాట్ 40 కిలోలు, 6 చొప్పున 3 సెట్లు. మూడో సెట్టులో ఆఖరి రెండింటికి ముందుకి తూలినట్టు అనిపించింది. వీడియో పెడుతున్నాను అన్నా, కాస్త చూసి చెప్పండి.

పాత బార్‌బెల్ | జూలై 15, ఉదయం 5.40

చూశాను. మడమలు లేస్తున్నాయి, అందుకే తూలుతున్నావు. ఆ మెత్తటి అడుగు ఉన్న రన్నింగ్ షూ విప్పేసి, చదునైన అడుగున్న బూట్లతో చెయ్యి. వచ్చేసారి 40తోనే ఉండు, పెంచొద్దు. కింద ఒక్క క్షణం ఆగి లే. వీడియో ముందు నుంచి కాదు, పక్క నుంచి తియ్యి, నడుము ఎత్తులో ఫోను పెట్టించు.